బోల్తాపడిన బండిలో ప్రాణరక్షణ పంజరము

హైదరాబాదు నగరమున ఇందిరాపార్కు కడ మొదలై రాంనగర్ చెంతనున్న వి.ఎస్.టి. కూడలి వరకు రెండు కిలోమీటర్లకు పైగా సాగు ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న ప్రారంభమైనది. మాజీ హోంమంత్రి నాయిని నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ వంతెనకు స్తంభములును, దూలములును ఉక్కువే. దానిని దిగి ఆజమాబాదు పారిశ్రామికవాడ వైపునకో, రాంనగర్ వీథులలోనికో పోయినచో, కిటికీ ఊచలు, ఇనుప తలుపులు, బండ్ల చట్రములు అతుకు చిన్న కర్మశాలలలో వెల్డింగు నీలివెలుగు కనిపించును. పని పెద్దదైనను చిన్నదైనను సూత్రమొక్కటే: రెండు ఉక్కుముక్కలు అంచున కరిగి, కలిసి, ఒకే ముక్కగా గట్టిపడవలెను.

కిటికీ ఊచ అతుకు వీడినచో మరల అతికించుకొనవచ్చును. కాని ఒక్కసారియైనను వీడరాని అతుకులు కొన్ని కలవు. రాళ్లురప్పలలో, గుట్టలపై, వాగులలో నడుపు జీపువంటి బండిలో కూర్చుండువారి చుట్టును ఉక్కు గొట్టములతో కట్టు రక్షణ పంజరము అట్టిది. దీనినే రోల్ కేజ్ అందురు. బండి బోల్తాపడినపుడు పైకప్పు నలిగి లోనివారిమీద పడకుండ ఇది అడ్డుకొనును. ఏండ్ల తరబడి దీనికి పని యుండకపోవచ్చును. పని పడిననాడు అది ఒకటి రెండు సెకనులలో ముగియును. ఆ సెకనులలో పంజరము నిలుచునా కూలునా యన్నది గొట్టముల లావు కంటె వాని కూర్పుమీదను, అతుకులమీదను ఎక్కువగా ఆధారపడియుండును.

ఇంజనీరింగు విద్యార్థులకు ఈ పనిని స్వయముగా నేర్పు పోటీ యొకటి కలదు. 1976లో అమెరికాలోని దక్షిణ కెరొలీనా విశ్వవిద్యాలయమున మొదలైన బాజా పోటీ 2007లో మన దేశమునకు వచ్చి, మధ్యప్రదేశ్‌లోని పీథంపురమున జరుగసాగినది. విద్యార్థులే ఒకరు కూర్చుండు బండిని రూపొందించి, గొట్టములను కోసి, అతికి, గుంటల దారిలో పరుగెత్తింతురు. తెలుగునాట కళాశాలల జట్లును ఇందు పాల్గొనుచున్నవి.

బండి ఏల బోల్తాపడును?

ఒక బండి యొక్క ఎడమ, కుడి చక్రముల మధ్య దూరము 140 సెంటీమీటర్లు అనుకొందము. దాని గరిమనాభి నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. బండి ప్రక్కకు ఒరుగుచుండగా, గరిమనాభినుండి దించిన నిలువుగీత క్రిందివైపు చక్రములను దాటినంతనే బండి దొర్లును. చక్రముల మధ్య దూరములో సగమును గరిమనాభి ఎత్తుచే భాగించినచో 70/70, అనగా 1 వచ్చును. ఏ కోణమునకు టాంజెంటు 1 అగునో ఆ కోణము 45 డిగ్రీలు. కదలక నిలిచియున్న ఈ బండి అంతవరకు ఒరిగి నిలువగలదు. పరుగెత్తుచు మలుపు తిరుగు బండి, రాయి తగిలిన బండి, ఇంతకంటె తక్కువ కోణముననే పడిపోవును.

ఈ బండిలో 45 మిల్లీమీటర్ల వ్యాసమును, 2.5 మిల్లీమీటర్ల గోడ మందమును గల గొట్టముతో పంజరము కట్టితిమనుకొందము. అట్టి గొట్టము మీటరునకు సుమారు 2.6 కిలోగ్రాములు తూగును. 20 మీటర్లు పట్టినచో పంజరము బరువు 52 కిలోగ్రాములు. 1500 కిలోగ్రాముల బండిలో ఈ బరువు 140 సెంటీమీటర్ల సగటు ఎత్తున చేరినచో, గరిమనాభి 70 నుండి సుమారు 72 సెంటీమీటర్లకు పెరుగును; ఒరుగుటకు హద్దు 45 నుండి 44 డిగ్రీలకు తగ్గును. అనగా పంజరము బోల్తాను ఆపదు సరికదా, దానిని రవంత సులభము చేయును. పంజరము పని బోల్తా మొదలైన తరువాతనే. అది యున్నదను ధైర్యముతో బండిని దుడుకుగా నడుపువాడు దాని ఉపయోగమును తెలియనివాడే.

తాకిడి ఎంత?

1500 కిలోగ్రాముల బండి తలక్రిందై, దాని గరిమనాభి అర మీటరు క్రిందికి దిగినదనుకొందము. 1500 × 9.8 × 0.5, అనగా 7350 జౌలుల శక్తి నేలను తాకు క్షణమున ఎక్కడనో ఖర్చుకావలెను. పంజరమును, నేలయు కలిసి 5 సెంటీమీటర్లు లొంగి ఆ శక్తిని మ్రింగినచో, సగటు బలము సుమారు 1,47,000 న్యూటన్లు. బండి బరువునకు పదిరెట్లు. ఒక సెంటీమీటరే లొంగినచో ఏబదిరెట్లు. కావున పంజరము గాజువలె బిరుసుగా నుండరాదు. అది కొద్దిగా వంగవలెను, కాని చిరుగరాదు, కూలరాదు. ఉక్కునకు గట్టిదనము ఎంత అవసరమో, తెగక సాగు గుణమును అంతే అవసరము. ఈ విషయము వెల్డింగును గూర్చి చెప్పునపుడు మరల వచ్చును.

గొట్టమే ఏల?

వెదురుబొంగు బోలుగా నుండియు గాలివానకు నిలుచును. కారణము తేలిక. ఒక కమ్మి వంగునపుడు దాని ఒకవైపు సాగును, ఎదుటివైపు కుదించుకొనును. నడుమనున్న పదార్థమునకు పని స్వల్పము. కావున ఆ పదార్థమును నడుమనుండి తీసి అంచులకు చేర్చినచో లాభము. 45 మిల్లీమీటర్ల గొట్టములో ఎంత ఉక్కు కలదో అంతే ఉక్కుతో నిండు కడ్డీని చేసినచో దాని వ్యాసము 20.6 మిల్లీమీటర్లు మాత్రమే యగును. వంగుటను ఎదిరించుటలో ఆ గొట్టము ఆ కడ్డీకంటె ఎనిమిదిన్నర రెట్లు మిన్న. తరగతిలో ఒక నోటుపుస్తకపు కాగితమును రెండు పుస్తకములమధ్య పరచి, తరువాత అదే కాగితమును గొట్టముగా చుట్టి పెట్టి, దానిమీద నాణెములు పేర్చి చూపినచో విద్యార్థులకు ఇది వెంటనే బోధపడును.

అంతర్జాతీయ మోటారువాహన సమాఖ్య నియమములలో, పందెపు బండి పంజరమునకు ప్రధానమైన గొట్టము 45 మిల్లీమీటర్ల వ్యాసమును 2.5 మిల్లీమీటర్ల మందమును, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసమును 2 మిల్లీమీటర్ల మందమును కలదై యుండవలెను. అది అతుకు లేకుండ చల్లగా లాగి తయారుచేసిన కర్బనపు ఉక్కు కావలెను. చదరపు మిల్లీమీటరునకు కనీసము 350 న్యూటన్ల లాగుడును ఓర్వవలెను. నీళ్ల గొట్టము పైకి ఇట్లే కనిపించును. కాని అది నీటిని మోయుటకు చేసినది, మనిషిని కాచుటకు చేసినది కాదు. పైగా దానిమీది జింకు పూత వెల్డింగు వేడికి ఆవిరియై, పీల్చినవారికి చలిజ్వరము తెప్పించును. అతుకులోనికి చేరి దానిని బుడగలమయము చేయును.

చతురస్రము వంగును, త్రిభుజము నిలుచును

నాలుగు వెదురుబద్దలను చివరల మేకులతో బిగించి చతురస్రము చేసి మూలను ఒత్తినచో అది వెంటనే ప్రక్కకు వాలిపోవును. ఒక మూలనుండి ఎదుటిమూలకు ఐదవ బద్దను బిగించి మరల ఒత్తి చూడవలెను. ఇపుడు కదలదు. మూడు భుజముల పొడవులు మారనిదే త్రిభుజము ఆకారము మారదు. నాలుగు భుజముల బొమ్మకు ఈ గుణము లేదు. పెంకుటింటి దూలములలోను, రైలువంతెన కమ్ములలోను త్రిభుజములు కనిపించుటకు ఇదే కారణము.

పంజరమునకు ముఖ్యాంగములు ఇవి: సీట్ల వెనుక ఒక ప్రధాన కమాను, ముందు అద్దము కడ మరియొక కమాను, రెంటిని పైన కలుపు ప్రక్క గొట్టములు, ప్రధాన కమానును వెనుకకు ఊతపట్టు రెండు వాలు గొట్టములు, తలుపుల కడ అడ్డుగొట్టములు. హైదరాబాదు చార్‌కమాన్‌లోని రాతికమాను తన బరువుచేతనే బిగిసి నిలుచును. గొట్టపు కమానునకు ఆ సౌకర్యము లేదు. దానిని ప్రక్కకు నెట్టినచో చతురస్రమువలె వాలును. కావుననే ప్రధాన కమాను నడుమ ఒక మూలనుండి మరియొక మూలకు వాలు గొట్టము తప్పక వేయుదురు. చూపునకు అడ్డమనియో, వెనుకసీటునకు ఇబ్బంది యనియో దానిని మానివేసినచో తక్కిన గొట్టములన్నియు ఎంత లావుగా నున్నను పంజరము బలము చాలవరకు పోవును.

ముక్కలనుండి పంజరము

కొందరు తయారీదారులు గొట్టములను ముందే కోసి, వంచి, ఒక బండికి సరిపడు ముక్కల మూటగా అమ్ముదురు. కూర్చుట, అతుకుట కొన్నవారి పని. ముక్కలు రాగానే మొదట వంపులను పరీక్షింపవలెను. గొట్టమును వంచినపుడు వెలుపలి గోడ సాగి పలుచబడును, లోపలి గోడ ముడుతలు పడును. వంపు వ్యాసార్ధము గొట్టపు వ్యాసమునకు కనీసము మూడురెట్లు, అనగా 45 మిల్లీమీటర్ల గొట్టమునకు 135 మిల్లీమీటర్లు, ఉండవలెనని నియమము. ముడుత పడిన గొట్టము, నొక్కుకొనిపోయిన గొట్టము పనికిరావు.

తరువాత చివరలు. ఒక గొట్టము రెండవదానికి ఆనుచోట దాని చివరను నెలవంకవలె కోసి, రెండవదాని గుండ్రదనమునకు సరిగా హత్తుకొనునట్లు ఆకురాయితో అరగదీయవలెను. సందు పెద్దదైనచో వెల్డింగు లోహముతో నింపి కప్పిపుచ్చుట పనివారలలో అలవాటు. అట్టి నింపుడు మందముగా కనిపించును గాని, ఎక్కువ వేడిని కోరును, చల్లారునపుడు ఎక్కువ కుదించుకొనును, పగుళ్లకు చోటిచ్చును. నేర్పరి కాలములో ఎక్కువ భాగము వెల్డింగు చేయుటలో గాక, హత్తించుటలోనే గడచును.

పంజరము పాదములు ఆను తావు మరియొక ముఖ్యవిషయము. బండి నేలరేకు ఒక మిల్లీమీటరు మందమైన ఉండదు. దానిమీద గొట్టమును నేరుగా నిలిపినచో, తాకిడికి గొట్టము వంగదు గాని రేకును చీల్చుకొని క్రిందికి దిగిపోవును. అందుచే ప్రతి పాదము క్రింద కనీసము 3 మిల్లీమీటర్ల మందమును 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమును గల ఉక్కుపలకను అతికి, బలమును చట్రమునకు పంచవలెను. పలక పెద్దదైన కొలది రేకుమీద ఒత్తిడి తగ్గును. బురదలో నడచుటకు చెక్కపలక పరచుట యందును ఇదే సూత్రము.

ముక్కలన్నిటిని ముందుగా అతుకకయే పెట్టి చూచి, పిదప ఒక్కొక్క కలయిక కడ మూడు నాలుగు చుక్కలు మాత్రము వెల్డింగు చేయవలెను. ఇపుడు కొలతలు తీసి, రెండు కర్ణములు సమానముగా నున్నవో లేవో చూచి సరిదిద్దవచ్చును. ఒక మీటరు ఉక్కు 100 డిగ్రీల వేడికి 1.2 మిల్లీమీటర్లు సాగును. వెల్డింగు కడ లోహము సుమారు 1500 డిగ్రీల కడ కరగును. గట్టిపడి చల్లారునపుడు చుట్టుప్రక్కలను తనవైపునకు లాగును. ఒక ప్రక్కనే వరుసగా అతుకుచు పోయినచో పంజరమంతయు ఆ ప్రక్కకు మెలితిరుగును. అందుచే ఎడమన కొంత, కుడిన కొంత, ముందు కొంత, వెనుక కొంతగా పని సాగింపవలెను.

అతుకులోపల జరుగునది

విద్యుచ్చాపము వేడికి ఉక్కు అంచులును, వెల్డింగు రాడ్డు కొనయు కరిగి చిన్న మడుగువలె ఏర్పడును. ఆ మడుగునకు గాలి శత్రువు. ప్రాణవాయువు లోహమును కాల్చును. నత్రజని దానిని పెళుసు చేయును. రాడ్డుపైనుండు పూత కాలి వాయుకవచము నిచ్చును, మరియు మడుగుపై చిట్టెమై కప్పును. తీగతో చేయు మిగ్ పద్ధతిలో బొగ్గుపులుసు వాయువును, ఆర్గానును ఆ పని చేయును. పూత వానకాలపు తేమను పీల్చినచో ఆ నీరు విడిపోయి హైడ్రోజను అతుకులోనికి చొచ్చును. పని ముగిసిన గంటల తరువాత గూడ పగులు పుట్టించును. కావున రాడ్లను పొడిగా ఉంచుట, కొన్ని రకములను వాడుటకు ముందు పొయ్యిలో ఎండబెట్టుట అవసరము.

మడుగు ప్రక్కన కరుగకయే మిక్కిలి వేడెక్కిన సన్నని పట్టీ యొకటి ఉండును. అతుకు తెగినచో తరచు ఇచ్చటనే తెగును. త్వరగా పని ముగింపవలెనని ఎఱ్ఱని అతుకుపై నీళ్లు చల్లు అలవాటు కొందరికి కలదు. కమ్మరి కత్తికి పదును పెట్టునపుడు దానిని నీట ముంచుట గట్టిదనము కొరకు. కత్తికి అది గుణము. పంజరమునకు అదే దోషము. హఠాత్తుగా చల్లారిన ఉక్కు గట్టిపడి సాగు గుణమును కోల్పోవును. వంగవలసినచోట విఱుగును. అతుకును గాలిలో తనంతట తానే చల్లారనీయవలెను.

పైకి నున్నగా నున్న అతుకు మంచిదని నమ్మరాదు. వేడి చాలక, రాడ్డు లోహము గొట్టముపై పేరుకొని, దానితో కలియక నిలిచినచో అది మైనము అంటించినట్లే. వేడి మితిమీరినచో గొట్టపు అంచు కరిగి గాడి పడి గోడ పలుచబడును. అందము కొరకు అతుకును రాయిపట్టి నున్నగా అరగదీయుట బలమును చేజేతుల తీసివేయుటయే. ఇంకొక దోషము కంటికి కనిపించనిది. పంజరము పైకప్పునకు అతి దగ్గరగా నున్నచో గొట్టము పైభాగమునకు రాడ్డు చేరదు. క్రిందిసగము మాత్రమే అతికి ఊరకుందురు. గొట్టము చుట్టంతయు అతుకవలెనన్నది నియమము. అందుకై అనుభవజ్ఞులు పంజరమును మొదట క్రిందికి దించి పైకలయికలను పూర్తిచేసి, తరువాత లేపి పాదములను బిగింతురు.

కోసి చూచుట

బాజా పోటీ నియమావళిలో చక్కని పద్ధతి యొకటి కలదు. పంజరమునకు వాడిన గొట్టముతోనే, పంజరమును అతికినవారే రెండు మచ్చులు చేయవలెను. ఒకదానిలో రెండు గొట్టములను లంబకోణమున అతికి, విఱుగువరకు బలము ప్రయోగింతురు. గొట్టము తెగి అతుకు నిలిచినచో ఉత్తీర్ణత. అతుకు వీడినచో కాదు. రెండవదానిలో 30 డిగ్రీల కోణమున అతికి, నిలువున కోసి, లోహము ఎంత లోతుకు కలిసినదో చూతురు. బండికి వాడకముందు మచ్చును పాడుచేసి చూచుటలో పోవునది రెండు గొట్టపు ముక్కలు మాత్రమే. ఏ ఊరి కర్మశాలలోనైనను ఒక మచ్చును పట్టుకోతతో కోసి, ఆమ్లముతో తుడిచి చూచినచో కలిసిన మేర వేరు రంగున కనిపించును.

పనివానిని కాచుకొనుట ఈ విద్యలో భాగమే. చాపపు అతినీలలోహిత కిరణములకు కన్ను కొన్ని గంటల తరువాత ఇసుక పడినట్లు మండును. నల్లద్దపు ముసుగు లేకుండ ఒక్కక్షణమైనను చూడరాదు. నూలుబట్టలు, తోలు చేతొడుగులు ధరింపవలెను. బండిలో పని చేయునపుడు బ్యాటరీ తీగను విప్పి, ఇంధనపు తొట్టిని తొలగించి, మంటలార్పు సాధనమును అందుబాటున ఉంచుకొనవలెను.

పంజరముండిన చాలునా?

చాలదు. బోల్తాలో తల గొట్టమునకు కొట్టుకొనినచో కాపాడవలసిన ఉక్కే చంపును. పందెమున తలకవచము ఉండును. అయినను తల తగులు గొట్టములపై మెత్త తొడుగవలెనని నియమము. తలకవచము లేని సామాన్య ప్రయాణికునకు అది మరింత అవసరము. నడుముపట్టీ బిగించుకొననివాడు పంజరములోనే ఎగిరిపడును, లేదా వెలుపలికి జారి దానిక్రిందనే నలుగును. రహదారిపై తిరుగు బండిని తయారీదారుని నిర్దేశమునకు భిన్నముగా మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము నిషేధించుచున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమును స్పష్టపరచినది. పంజరమును బిగింపదలచినవారు ముందు రవాణాశాఖను సంప్రదింపవలెను.

ఇది పందెగాండ్ర ముచ్చట మాత్రమే అనుకొనుట పొరపాటు. ఆర్.టి.సి. కూడలిలో నిత్యము కనిపించు బస్సు పైచట్రము గూడ ఒక పంజరమే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 66వది బస్సును 800 మిల్లీమీటర్ల ఎత్తునుండి ప్రక్కకు పడద్రోసి, లోన ప్రయాణికుల చోటు మిగిలినదా లేదా అని పరీక్షించుచున్నది. పొలముగట్టుపై ట్రాక్టరు వెనుకకు లేచి దొర్లినచో నడుపువానికి తప్పించుకొను వ్యవధి యుండదు. స్వీడన్ దేశము 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రమును తప్పనిసరి చేసినది; తరువాతి దశాబ్దములలో అచ్చట ట్రాక్టరు బోల్తా మరణములు దాదాపు అంతరించినవి. మన పల్లెలలో ఆ చట్రము లేని ట్రాక్టర్లు ఇంకను పొలములలో తిరుగుచున్నవి. వాటికి స్థానికముగా చట్రము కట్టించుకొనువారు గొట్టము వెల నడుగుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడు: త్రిభుజము ఎచ్చట కలదు? పాదము దేనిపై ఆనినది? అతుకును కోసి చూచితిరా? ఈ మూటికిని సరియైన సమాధానము లభింపని పంజరము, పంజరము లేని బండికంటె ప్రమాదకరము. ఏలయన అది లేని ధైర్యమును తెచ్చిపెట్టును.